ఆరోపణ, వాస్తవం, అభ్యుదయ రచయిత

వామపక్షం మీద వచ్చే ఆరోపణలు రెండు రకాలు. దోపిడీని వ్యతిరేకిస్తున్నందుకు దోపిడీదారులు చేసేవి మొదటి రకం. వాటికి జవాబు చెప్పటం మనకు అలవాటే. రెండో రకం అంత తేలిక కాదు. సమానత్వం కోసం పోరాడుతున్నామనే మీలోనే అసమానత్వం వుందని, పుట్టుకను బట్టి మనిషిని అంచనా వేసే జబ్బు మీకూ అంటిందని చెప్పే ఆరోపణలవి. ఈ మాట బాధితులు అనవచ్చు. బాధితుల నోటినుంచి అందుకుని మన శత్రువులూ అనవచ్చు. ఒకే మాట రెండు నోళ్ళనుంచి వచ్చినప్పుడు దాన్ని ఎలా పరిశీలించాలి అన్నదే ఈ వ్యాసంలో నేను చర్చించదలచుకున్న సమస్య.

ఇందుకు రెండు ఉదాహరణలు తీసుకుంటాను. ఒకటి, 2015 నుంచి 2020 దాకా బ్రిటన్‌లో లేబర్ పార్టీని కుదిపేసిన యూదు వ్యతిరేకత వివాదం. రెండోది, కృష్ణా డెల్టాలో కమ్యూనిస్టు ఉద్యమం మీద డెబ్బై ఏళ్ళుగా వినిపిస్తున్న కుల ఆరోపణ. బందరు, గుడివాడ, దివిసీమల్లో రాజకీయాలు మాట్లాడుకునే ఏ అరుగు మీదనైనా ఇది ఒకసారి కాకపోతే మరొకసారి వినపడుతుంది. ఈ రెండూ సమానమని నేననటం లేదు. యూరపులో యూదు ద్వేషం 60 లక్షలమంది హత్యకు దారితీసింది. అలాంటి చరిత్రను మరో చరిత్రతో తూచటం కుదరదు. అయితే ఆరోపణ ఎదురైనప్పుడు వామపక్షం స్పందించిన తీరులో దగ్గరి పోలిక వుంది. ఆ పోలిక రచయితలకు ముఖ్యమైనదని నా నమ్మకం.

బ్రిటన్‌లో జరిగిందేమిటి?

జెరెమీ కోర్బిన్ 2015 సెప్టెంబరులో లేబర్ పార్టీ నాయకుడయ్యాడు. యుద్ధ వ్యతిరేకిగా, పాలస్తీనా ప్రజల హక్కులను సమర్థించినవాడుగా ఆయనకు పేరుంది. ఆయన ఎన్నిక సొంత పార్టీలోని మితవాదులకూ రుచించలేదు, బ్రిటిష్ పత్రికల్లో అధిక భాగానికీ రుచించలేదు. ఈ నేపథ్యంలో 2016 ఏప్రిల్‌లో పార్టీ ఎంపీ నాజ్ షా అంతకు ముందెప్పుడో సామాజిక మాధ్యమాల్లో పెట్టిన రాతలు బయటపడ్డాయి. ఆమె పార్లమెంటులో క్షమాపణ చెప్పింది. ఆమెను సమర్థించబోయిన లండన్ మాజీ మేయర్ కెన్ లివింగ్‌స్టన్, హిట్లరును జియోనిజంతో ముడిపెట్టి మాట్లాడి సస్పెండయ్యాడు. వివాదం అక్కడినుంచి పెరిగింది.

అదే సంవత్సరం జూన్ 30న షమీ చక్రవర్తి విచారణ నివేదిక వచ్చింది. పార్టీ మొత్తం యూదు ద్వేషంతో నిండిపోలేదనీ, అయితే అప్పుడప్పుడు వాతావరణం విషపూరితమవుతోందనీ ఆమె తేల్చింది. అక్టోబరులో పార్లమెంటు హోం వ్యవహారాల సంఘం రెండు మాటలు కలిపి చెప్పింది. ఇతర పార్టీలకంటే లేబర్ పార్టీలో యూదు వ్యతిరేకత ఎక్కువని చెప్పటానికి నమ్మదగిన ఆధారం లేదన్నది ఒక మాట. నాయకత్వం దీన్ని సరిగా ఎదుర్కోలేదన్నది మరొక మాట. కోర్బిన్ అభిమానులు మొదటి మాటనే పట్టుకున్నారు, ప్రత్యర్థులు రెండో మాటనే పట్టుకున్నారు. రెండూ నిజం కావచ్చునని ఒప్పుకునే వాళ్ళు తక్కువైపోయారు.

రచయితలుగా మనం ఆగి చూడవలసిన ఘట్టం 2018 మార్చిలో వచ్చింది. తూర్పు లండన్‌లో ఒకప్పుడు యూదు వలసజీవులు నివసించిన బ్రిక్ లేన్ ప్రాంతంలో 2012లో ఒక అమెరికన్ చిత్రకారుడు గోడమీద పెద్ద చిత్రం వేశాడు. కొందరు ధనికులు బల్లచుట్టూ కూర్చుని డబ్బు ఆట ఆడుతుంటారు. ఆ బల్ల వంగివున్న పేదల వీపుల మీద నిలబడి వుంటుంది. ఇతివృత్తం చూస్తే మన సభావేదికల వెనుక కట్టే తెరమీద బొమ్మలాగే వుంటుంది. వర్గాన్ని చిత్రించానని చిత్రకారుడు చెప్పుకున్నాడు. కానీ ఆ ధనికుల్లో కొందరి ముక్కులూ ముఖాలూ, యూదులను వెక్కిరించటానికి నాజీ పత్రికలు వేసిన బొమ్మలను గుర్తుచేసేవిగా వున్నాయి. చిత్రాన్ని తొలగించాలన్నప్పుడు, ఎందుకు తొలగించాలని కోర్బిన్ 2012లో ప్రశ్నించాడు. ఆ ప్రశ్న ఆరేళ్ళ తర్వాత వెలుగులోకి వచ్చింది. బొమ్మను సరిగా చూడకుండా మాట్లాడినందుకు విచారిస్తున్నానని ఆయన చెప్పవలసి వచ్చింది. బ్రిటన్ యూదు సంఘాలు పార్లమెంటు ఎదుట ప్రదర్శన చేశాయి.

ఈ గోడచిత్రంలో మొత్తం సమస్య వుంది. అక్కడ విషయం ప్రగతిశీలమైనది, రూపం విషపూరితమైనది. పీడకుడి ముఖం గీయవలసి వచ్చినప్పుడు చిత్రకారుడి చేతికి పాత సంస్కారం నుంచి ఒక ముఖం అందింది. దాన్ని చూసిన రాజకీయ నాయకుడు ఇతివృత్తాన్ని మాత్రమే చూశాడు, ముఖాన్ని చూడలేదు.

తర్వాత వివాదం నిర్వచనం మీదకు మళ్ళింది. అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మారక కూటమి 2016లో ఆమోదించిన నిర్వచనాన్ని ఉదాహరణలన్నిటితో సహా లేబర్ పార్టీ 2018 సెప్టెంబరులో స్వీకరించింది. ఆ ఉదాహరణల్లో కొన్ని ఇజ్రాయెల్ ప్రభుత్వంపై న్యాయమైన విమర్శను కూడా అణచటానికి ఉపయోగపడతాయన్న భయం వుంది. ఆ భయం ఊహ కాదు. దాని రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించిన కెనెత్ స్టెర్న్ స్వయంగా, దాన్ని భావప్రకటనను నియంత్రించే చట్టంగా వాడటాన్ని వ్యతిరేకించాడు. పాలస్తీనా ప్రజల పక్షాన మాట్లాడటం యూదు ద్వేషం కానేకాదు. ఒక రాజ్యం చేసే పనులకు ప్రపంచంలోని యూదులందరినీ జవాబుదారీ చేయటం మాత్రం యూదు ద్వేషమే. ఈ రెంటికీ మధ్య గీత గీయటం కష్టమే కానీ, గీత వుంది.

చివరకు సమానత్వ, మానవ హక్కుల కమిషన్ 2020 అక్టోబరు 29న నివేదిక ఇచ్చింది. 2010 నాటి సమానత్వ చట్టాన్ని పార్టీ ఉల్లంఘించిందని తేల్చింది. పరిశీలించిన 70 ఫిర్యాదుల దస్త్రాల్లో 23 సందర్భాల్లో నాయకుడి కార్యాలయం తదితరుల అనుచిత జోక్యం కనిపించిందని చెప్పింది. పార్టీ ప్రతినిధులుగా పరిగణించదగిన ఇద్దరి మాటలు వేధింపు కిందికి వస్తాయన్నది. అదే రోజు కోర్బిన్, సమస్య వున్నమాట నిజమే కానీ దాని పరిమాణాన్ని రాజకీయ ప్రత్యర్థులు బాగా పెంచి చూపారని అన్నాడు. పార్టీ ఆయన్ను సస్పెండ్ చేసింది. 2022 జూలైలో వచ్చిన మార్టిన్ ఫోర్డ్ నివేదిక, పార్టీలోని రెండు ముఠాలూ యూదు వ్యతిరేకత సమస్యను ఒకదాని మీద మరొకటి ఆయుధంగా వాడుకున్నాయని చెప్పింది.

దీన్నిబట్టి ఏం తేలింది? ఆరోపణను స్వార్థానికి వాడుకున్నవాళ్ళు వున్నారు. ఆరోపణలో నిజమూ వుంది. మొదటిది రెండోదాన్ని రద్దు చేయదు. లేబర్ వామపక్షం చాలాకాలం 'ఈ మాట ఎవరంటున్నారు?' అనే ప్రశ్నకే జవాబు వెతికింది. 'ఈ మాటలో ఎంత నిజముంది?' అనే ప్రశ్న విడిగా మిగిలిపోయింది. ఆ మధ్యకాలంలో, దశాబ్దాలుగా పార్టీని నమ్ముకున్న యూదు కార్యకర్తలు తమ ఫిర్యాదును కూడా కుట్రలో భాగంగానే లెక్కకట్టటం చూశారు.

కృష్ణా డెల్టా మీద ఒక అమెరికన్ వ్యాసం

ఇలాంటి అనుభవం మనకూ వుంది. 1956 జూన్‌లో సెలిగ్ హారిసన్ అనే అమెరికన్ పాత్రికేయుడు, అమెరికా రాజనీతి శాస్త్రజ్ఞుల పత్రికలో 'కులమూ, ఆంధ్ర కమ్యూనిస్టులూ' అనే అర్థం వచ్చే శీర్షికతో వ్యాసం రాశాడు. 1934లో పుట్టినప్పటినుంచీ ఆంధ్ర కమ్యూనిస్టు పార్టీ నాయకత్వం కృష్ణా గోదావరి డెల్టాలో భూమిగల కమ్మ కులం చేతిలోనే వుందనీ, పార్టీ బలానికి ఆ కులబలమే ముఖ్య కారణమనీ ఆయన వాదన. ఇదే వాదనకు వీధిలో దొరికే రూపం 'కమ్మనిస్టులు' అనే వెటకారం.

నేను విద్యార్థిగా వున్న రోజుల్లో ఈ వాదన ఎత్తితే పెద్దలు చెప్పిన జవాబు ఒకటే. హారిసన్ అమెరికన్, అది ప్రచ్ఛన్న యుద్ధకాలం, కాబట్టి అది సామ్రాజ్యవాద ప్రచారం. అందులో మొదటి రెండు అంశాలూ నిజమే. మూడోది వాటినుంచి దానంతటదే తేలదు. వ్యాసంలోని వాదన నిలుస్తుందో లేదో వాస్తవాలతో తేల్చుకోవాలి. అలా చూస్తే ఆ వాదన సగం కూలిపోతుంది, సగం నిలబడుతుంది.

కూలిపోయే సగం ఇది. దివి తాలూకాలో రైతులూ కూలీలూ దశాబ్దాలపాటు తలపడిన చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్ కమ్మకులస్థుడే. ఆయనకు ఎదురునిలిచిన కమ్యూనిస్టుల్లో ఎందరో అదే కులంలో పుట్టినవారు. కులమే అన్నిటినీ నడిపించే శక్తి అయితే ఈ పోరాటం జరగకూడదు. 1948 తర్వాతి అణచివేత రోజుల్లో గుడివాడ, ఉయ్యూరు పరిసరాల్లోని యలమర్రు, కాటూరు గ్రామాల్లో మలబారు పోలీసులు మగవాళ్ళను బట్టలూడదీసి వీధుల్లో తిప్పారు. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణా పోరాటం గురించి రాసిన పుస్తకంలో ఆ ఉదంతం నమోదైంది. ఆ అవమానం అనుభవించినవారిలో భూమిగల రైతు కుటుంబాలవారున్నారు. కులప్రయోజనం కోసం ఎవరూ అలాంటి దెబ్బలు తినరు. 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులకు సుమారు 31 శాతం ఓట్లు వచ్చినా 196 స్థానాల్లో 15 మాత్రమే దక్కాయి. ఎదుటి కూటమిలోనూ అదే కులానికి చెందిన నాయకులు పుష్కలంగా వున్నారు. రెండువైపులా వున్న కులం ఒకవైపు గెలుపును గానీ ఓటమిని గానీ పూర్తిగా వివరించలేదు.

నిలబడే సగం ఇది. చండ్ర రాజేశ్వరరావు కృష్ణాజిల్లాలో, మాకినేని బసవపున్నయ్య గుంటూరు జిల్లాలో కమ్మ రైతు కుటుంబాలనుంచి వచ్చారు. నెల్లూరు జిల్లా అలగానిపాడులో రెడ్డి కుటుంబంలో పుట్టిన సుందరరామిరెడ్డి కులసూచకాన్ని వదిలి సుందరయ్య అయ్యారు. వాళ్ళ త్యాగాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. కానీ పోరాటాల్లో ముందు నిలిచి లాఠీలు తిన్న మాల, మాదిగ కూలీల సంఖ్యకూ, నాయకత్వంలో వారికి దక్కిన స్థానానికీ పొంతన లేదు. దివి ప్రాంతంలో వ్యవసాయ కూలీ ఉద్యమాన్ని నడిపిన గుంటూరు బాపనయ్య, ఆ తర్వాత పాటూరు రామయ్య వంటివారు నిడుమోలు రిజర్వుడు స్థానంనుంచి శాసనసభకు వెళ్ళారు. నాయకులు లేకపోలేదు. వారు ఎంతవరకు ఎదగగలిగారన్నదే ప్రశ్న. భారత కమ్యూనిస్టు పార్టీకి దళితుడు ప్రధాన కార్యదర్శి కావటం 2019లో, డి. రాజాతో జరిగింది. 1964లో ఏర్పడిన మార్క్సిస్టు పార్టీ పొలిట్‌బ్యూరోలోకి మొదటి దళిత సభ్యుడు రామచంద్ర డోమ్ 2022లో వచ్చారు. ఈ సంవత్సరాలు హారిసన్ చెప్పినవి కావు, ఆయా పార్టీల మహాసభలూ కమిటీలూ చెప్పినవి.

ఇక్కడ డెల్టా సాంఘిక చరిత్ర కొంత గుర్తుచేసుకోవాలి. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక మాగాణి సాగుతో మిగులు సంపాదించిన రైతువర్గం పెరిగింది. ఆ వర్గం చదువుకున్నది, ప్రశ్నించటం నేర్చుకున్నది. గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి శంబుకవధ, సూతపురాణం వంటి రచనల్లో బ్రాహ్మణాధిక్యాన్ని తూర్పారబట్టారు. అది గొప్ప సాహసం. అయితే ఆ ప్రశ్న తనకంటే పైన వున్నవాడి వైపు చూసే ప్రశ్న. తనకంటే కింద వున్నవాడు తనను అడిగే ప్రశ్న వేరు. మొదటి ప్రశ్న అడిగినవాడికి రెండో ప్రశ్న వినటం దానంతటదే అలవడదు. మన ఉద్యమానికి ఆ రైతువర్గంనుంచి హేతువాదమూ, ధైర్యమూ సంక్రమించాయి. వాటితోపాటే ఈ వినికిడి లోపమూ సంక్రమించిందని నేననుకుంటున్నాను.

షైలాకు, కోమటి, మోతుబరి

ఇప్పుడు సాహిత్యానికి వస్తాను. లండన్ గోడచిత్రం లాంటివి మన సాహిత్యంలో లేవా?

వడ్డీవ్యాపారిని తిట్టటానికి తెలుగు వక్తలూ రచయితలూ ఎంతో అలవాటుగా వాడే పేరు షైలాకు. షేక్స్‌పియర్ నాటకాన్ని తరగతిగదిలో చదువుకుని, అందులో షైలాకు యూదుడు కావటంవల్ల పడ్డ అవమానాన్ని వదిలేసి, పౌను మాంసం కథను మాత్రం తెచ్చుకున్నాం. మన దగ్గర యూదులు లేరు కదా, ఎవరికి తగులుతుందిలే అనుకున్నాం. నిజానికి ఆ మాటా తప్పే. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, మాదిగ కుటుంబాలనుంచి వచ్చి తమను బెనె ఎఫ్రాయీం యూదులుగా చెప్పుకునేవారున్నారు. 1991లో అక్కడ ప్రార్థనామందిరం ఏర్పడింది. వారిమీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి రాసిన పరిశోధన గ్రంథం 2013లో వచ్చింది. వారిలో వ్యవసాయ కూలీలున్నారు. అంటే మన డెల్టాలో యూదుడనే మాటకు సజీవమైన అర్థం ఏదైనా వుంటే అది అప్పిచ్చేవాడు కాదు, అప్పు తీసుకునేవాడు.

షైలాకుకు మన దేశవాళీ రూపం కోమటి షావుకారు. మన పాత ప్రచార నాటికల్లో ఆ వేషం చూడగానే ప్రేక్షకుడికి తెలిసిపోయేది. బొజ్జ, చెవులకు పోగులు, చేతిలో చిట్టా పుస్తకం, నోటినిండా తీయని మాటలు. 'కోమటి సాక్ష్యం' అనే నానుడి మనం పుట్టకముందే సిద్ధంగా వుంది. దానికి మనం వర్గసిద్ధాంతం రంగు పూశాం. 2017లో కంచ ఐలయ్య రాసిన 'సామాజిక స్మగ్లర్లు కోమటోళ్ళు' పుస్తకంపై వచ్చిన గొడవ పాఠకులకు గుర్తుండే వుంటుంది. ఆ పుస్తకాన్ని నిషేధించమన్న అభ్యర్థనను సుప్రీంకోర్టు అదే ఏడాది తోసిపుచ్చింది. నిషేధం అడగటమూ, రచయితను బెదిరించటమూ ముమ్మాటికీ తప్పు. ఆయన ప్రశ్నించింది వర్ణవ్యవస్థ వాణిజ్యాన్ని ఒక కులానికి కట్టబెట్టిన తీరును. అది అడగవలసిన ప్రశ్నే. అయితే ఒక వ్యవస్థకు పెట్టవలసిన పేరును ఒక కులంలో పుట్టిన మనుషులందరికీ పెట్టవచ్చునా అన్న చర్చ జరగవలసినంత జరగలేదు. నిషేధం కోరినవాళ్ళు ఆ చర్చకు చోటు లేకుండా చేశారు.

ఈ మూస ముఖంవల్ల నష్టం ఆ కులంలో పుట్టిన చిల్లర కొట్టువాడికి మాత్రమే కాదు. మన అవగాహనకు కూడా. డెల్టా పల్లెల్లో నిజంగా అప్పులిచ్చింది ఎవరు? 1930 నాటి మద్రాసు బ్యాంకింగు విచారణ సంఘం మొదలుకొని, ఆంధ్ర రైతాంగం మీద 1990లో వెలువడిన ఎ. సత్యనారాయణ పరిశోధన దాకా చెబుతున్నది, పల్లెల్లో అప్పుల వ్యవహారంలో పెద్ద రైతులది ప్రధాన పాత్ర అని. ధాన్యం అప్పిచ్చి, పాలేరు జీతంలో కోతపెట్టి, తీర్చలేనివాడి ఎకరం కలుపుకున్నది చాలాచోట్ల ఊరి మోతుబరే. ఇక పట్టణంలో పెట్టుబడిది ఏ ఒక్క కులమూ కాదు. బందరులో 1923లో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసేదాకా ఆ బ్యాంకు నడిచింది. చిట్టా పుస్తకం పట్టుకున్న కోమటి బొమ్మలో ఈ చరిత్ర ఏదీ ఇమడదు.

అంటే ఆ బొమ్మ ఒకరిని ఎత్తి చూపుతూ మరొకరిని దాచింది. దాచబడినవాడు ఎవరు? సభకు బండి కట్టించినవాడు, నాటక సమాజానికి చందా ఇచ్చినవాడు, కొన్నిసార్లు రచయితకు మేనమామ. యూరపులో ఇదే జరిగింది. హాబ్సన్ 1902లో సామ్రాజ్యవాదం మీద రాసిన గ్రంథంలో గొప్ప ఆర్థిక విశ్లేషణ వుంది. దానితోపాటు యూరపు ద్రవ్యపెట్టుబడి ఒక ప్రత్యేక జాతి చేతుల్లో వుందన్న సూచనా వుంది. లెనిన్ 1916లో తన రచనకు ఆ ఆర్థిక విశ్లేషణను వాడుకున్నాడు, జాతి సూచనను తీసుకోలేదు. ఆ గ్రంథానికే 2011లో ముందుమాట రాసి, ఆ సూచన గురించి ఒక్క మాటా చెప్పనందుకు కోర్బిన్ 2019లో విమర్శ ఎదుర్కొన్నాడు. పెట్టుబడిని ఒక జాతి స్వభావంగా చూపించినకొద్దీ మిగిలిన పెట్టుబడిదారులు నిర్దోషులుగా బయటపడతారు. యూదు వ్యతిరేకత మూర్ఖుల సోషలిజం అని బెబెల్ పేర ప్రచారంలో వున్న మాట చెప్పేది ఇదే.

తెలుగులో దీనికి విరుగుడు లేకపోలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922 నాటి మాలపల్లిలో సంగదాసును చంపిన చౌదరయ్య ఊరిబయటి షావుకారు కాదు. అదే ఊరి భూమిగల పెద్ద. ఉన్నవ మార్క్సిస్టు కాదు. కానీ పీడకుడి ముఖాన్ని అరువు తెచ్చుకోకుండా ఎదుట వున్నవాడినే చూసి గీశాడు. ఆ తర్వాత వచ్చిన మనం, మెరుగైన సిద్ధాంతం చేతిలో వుండి కూడా, చాలాసార్లు అంత సూటిగా చూడలేదు.

అడిగినవాళ్ళు వచ్చారు

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. సుమారు 10 వేలమంది చనిపోయారు. ప్రకృతికి కులం లేదని ఆనాడు అనేకమంది రాశారు. ఆ మాట రాసిన మనసు మంచిదే. కానీ నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో పోయినవాళ్ళలో అధికులు పల్లపు నేలమీద తాటాకు గుడిసెల్లో బతికే కూలీలు, మత్స్యకారులు. ఎవరి ఇల్లు మెరక మీద వుండాలో, ఎవరిది పల్లంలో వుండాలో సముద్రం నిర్ణయించలేదు. వర్గమని పేరు పెట్టినా, కులమని పేరు పెట్టినా అక్కడ కనిపించేది ఒకే గుడిసె. రెండు పేర్లూ కలిపి పలికితేగానీ ఆ గుడిసె అక్కడెందుకుందో చెప్పలేం.

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆ సెప్టెంబరులో దళిత మహాసభ ఏర్పడింది. బొజ్జా తారకం, కత్తి పద్మారావు దానికి నాయకులు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులు హతులయ్యారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. వామపక్షాలు ఈ హత్యాకాండలను ఖండించాయి. కానీ ఖండన తర్వాత మొదలైన చర్చలో, ఇది భూస్వామ్య దాడి అనాలా, కుల దాడి అనాలా అన్నదానికే మనలో చాలామంది శక్తి ఖర్చయింది. దళిత యువకులు కుల దాడి అన్నప్పుడు, ఆ మాట శ్రామికుల ఐక్యతను చీల్చుతుందని హెచ్చరించినవారున్నారు. చావు జరిగిన వాడలో నిలబడి వింటే ఆ హెచ్చరిక ఎలా వినిపిస్తుందో ఊహించటం కష్టం కాదు.

సాహిత్యంలో జవాబు 1995లో చిక్కనవుతున్న పాట, 1996లో పదునెక్కిన పాట సంకలనాలతో వచ్చింది. కృష్ణాజిల్లా కంచికచర్లనుంచి వచ్చిన కలేకూరి ప్రసాద్ వంటి కవులు విప్లవోద్యమం లోపలినుంచి నడిచి బయటికి వచ్చి మాట్లాడారు. అదే కంచికచర్లలో 1968లో కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం మోపి సజీవంగా తగులబెట్టిన సంగతి ఆ తరానికి వారసత్వంగా వచ్చిన జ్ఞాపకం. వీరు అడిగిన ప్రశ్న హారిసన్ అడిగినదానికి దగ్గరగా వుంది. అడిగిన ఉద్దేశం పూర్తిగా వేరు. హారిసన్ ఉద్యమాన్ని బయటినుంచి కొలవటానికి అడిగాడు. వీరు ఉద్యమంలో తమ వాటా అడిగారు. మొదటివాడికి ముప్పై ఏళ్ళపాటు ఇచ్చిన జవాబునే రెండోవారికీ ఇచ్చేశాం. లండన్‌లో యూదు కార్యకర్తల విషయంలో జరిగిన పొరపాటు కూడా సరిగ్గా ఇదే.

మార్పు రాలేదని చెప్పను. 1998లో మార్క్సిస్టు పార్టీ చొరవతో కులవివక్ష వ్యతిరేక పోరాట సంఘం ఏర్పడింది. రెండు గ్లాసుల పద్ధతి మీద, గుడి ప్రవేశం మీద, శ్మశాన స్థలాల మీద ఊరూరా పనిచేసింది. కులం తనంతట తాను రాలిపోతుందని ఎదురుచూసే వైఖరినుంచి ఇది ఒక ముందడుగు. సంస్థలు కదిలినంతగా కథలు కదిలాయా అన్నది మాత్రం మనం వేసుకోవలసిన ప్రశ్న.

రచయిత చేయవలసింది

కొన్నేళ్ళ క్రితం ఒక సాహిత్య పాఠశాలలో నేను అభ్యుదయ కథ మీద మాట్లాడాక, ఒక విద్యార్థి లేచి అడిగాడు: "మాస్టారూ, మీరు చెప్పిన కథలన్నిటిలో పాలేరుకి చైతన్యం తెప్పించేది ఎప్పుడూ రైతుబిడ్డేనేమండీ? పాలేరు తనంతట తను ఆలోచించిన కథ ఒక్కటి చెప్పండి." అతడు ఏ ముఠాకూ చెందినవాడు కాదు. ఏ పత్రికా అతడి చేత ఆ ప్రశ్న అడిగించలేదు. వ్యాసం రాయటానికి కూర్చున్నప్పుడు హారిసన్ కంటే, బ్రిటన్ కమిషన్ కంటే నాకు ముందు గుర్తుకొచ్చింది ఆ ప్రశ్నే.

రచయితలూ, సాహిత్య విద్యార్థులూ తమ రాతల్ని పరీక్షించుకోవటానికి మూడు సూత్రాలు సూచిస్తాను.

మొదటిది. ఆరోపణ వచ్చినప్పుడు రెండు కాగితాలు తీసుకోవాలి. ఎవరు, ఎందుకు అంటున్నారన్నది ఒకదానిమీద రాయాలి. అందులో వాస్తవమెంత అన్నది రెండోదానిమీద రాయాలి. మొదటి కాగితంలోని జవాబును రెండోదానిలోకి ఎత్తి రాయకూడదు. శత్రువు వాడుకుంటాడేమోనని నిజాన్ని దాచిపెడితే ఆ నిజం శత్రువు దగ్గరే మిగిలిపోతుంది. మనం దాన్ని ముందుగా చెబితే అతడి చేతిలో ఆయుధం వుండదు.

రెండోది. పీడకుడి పాత్రను చిత్రించేటప్పుడు ఆ ముఖం ఎక్కడినుంచి వచ్చిందో చూసుకోవాలి. చేసే పనినుంచి, ఆస్తి సంబంధంనుంచి వస్తే అది వర్గ చిత్రణ. ముక్కునుంచి, పోగులనుంచి, యాసనుంచి, ఇంటిపేరునుంచి వస్తే అది పాత సంస్కారం ఇచ్చిన అరువు. ఒక పరీక్ష వుంది. ఆ పాత్ర కులాన్ని మార్చి చూడండి. కథలోని దోపిడీ అప్పటికీ అర్థమైతే కథ నిలిచినట్టే. కులం తీసేయగానే పాత్ర పేలవమైపోతే, మనం నమ్ముకున్నది విశ్లేషణను కాదు, వెక్కిరింతను. అయితే కులమే దోపిడీకి సాధనమైన చోట దాన్ని పేరు పెట్టి చెప్పాలి. కారంచేడు కథ రాస్తూ హంతకుల కులాన్ని 'కొందరు భూస్వాములు' అని మాయం చేయటం కూడా అబద్ధమే.

మూడోది. కథ చెప్పే గొంతు ఎవరిదో గమనించాలి. డెల్టా అభ్యుదయ సాహిత్యం ఎక్కువగా రైతు అరుగు మీద కూర్చుని చెప్పింది. అక్కడినుంచి జమీందారు మేడ బాగా కనపడుతుంది, మాలపల్లె దూరంగా మసకగా కనపడుతుంది. మాలపల్లెనుంచి చూస్తే ఆ అరుగే ముందు కనపడుతుంది. అక్కడినుంచి రాసినవాళ్ళను మన పత్రికలు అతిథులుగా కాకుండా సంపాదకులుగా, విమర్శకులుగా పిలవాలి.

1936 అక్టోబరు 4న తూర్పు లండన్ కేబుల్ వీధిలో ఫాసిస్టు మోస్లీ ఊరేగింపును యూదు కార్మికులూ, ఐరిష్ ఓడరేవు కూలీలూ, కమ్యూనిస్టులూ కలిసి నిలవేశారు. తర్వాత డెబ్బై ఆరేళ్ళకు ఆ గోడచిత్రం వెలసింది అక్కడికి ఎంతో దూరం కాదు. ఘనమైన గతం వున్న ఉద్యమం కూడా పొరబడగలదు, గతాన్ని చూపి ఆ పొరపాటును మాఫీ చేయించుకోలేదు. చల్లపల్లి పోరాటమూ, కాటూరు, యలమర్రుల త్యాగమూ మనకు గర్వకారణాలు. ఆ విద్యార్థి అడిగిన ప్రశ్నకు మాత్రం అవి జవాబు కావు. దానికి జవాబు ఇకముందు రాయబోయే కథల్లో వెతకాలి. ఇప్పటికే రాసిన కథలను మళ్ళీ చదవటంతో ఆ పని మొదలుపెట్టవచ్చు. మన పత్రికలోనే, మన పాత సంచికలతోనే ఆ పునఃపరిశీలన జరగాలని ప్రతిపాదిస్తున్నాను.